మా సందులోకి కొళాయి ఎలా వచ్చిందంటే

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ వస్తువు కంటపడినా ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పంపారు, మధ్యలో ఎన్ని చేతులు మారింది అని ఆరా తీయకపోతే నాకు అన్నం సయించదు. పెళ్ళయి కలకత్తా వచ్చాక ఈ జబ్బు ముదిరింది. మా అత్త అయితే, "ఒలే, నువ్వు పోలీసోల్లింట పుట్టవలిసినదానివి, దారి తప్పి మా ఇంటికొచ్చినావు" అని ఎకసెక్కాలాడేది. ఆ జబ్బు పుణ్యమా అని మా సందులోకి కొళాయి ఎలా వచ్చిందో ఆ బస్తీ మొత్తం మీద నాకే బాగా తెలుసు. తెలుసని నేను అనుకుంటూ వచ్చాను. అసలు సంగతి తెలిసేసరికి నా నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చాయి.

ఎనభైల చివరి మాట. ఏక్‌బాల్‌పూర్ బస్తీలో, ఓడరేవుకి నడిచిపోయేంత దగ్గరలో మా సందు. ఒక కొసన టెక్కలి, సోంపేట, పలాస వైపుల నుంచి రేవు పనికొచ్చి పాతుకుపోయిన మావాళ్ళు. ఇంకో కొసన బీహారు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు. మధ్యలో నాలుగైదు బెంగాలీ ఇళ్ళు. మేం నీళ్ళు అంటాం, ఆ కొసవాళ్ళు పానీ అంటారు, మధ్యవాళ్ళు జోల్ అంటారు. మాటలు మూడున్నా కొళాయి మాత్రం ఒకటే. అదీ మా సందులో కాదు, ట్రాములు పోయే పెద్దరోడ్డు మీద. నీళ్ళు వదిలే వేళకి మనుషులు వెళ్ళి నిలబడే పద్ధతి లేదక్కడ. ముందే ఎవరి ఇటుక వాళ్ళు వరసలో పెట్టి వచ్చేవాళ్ళు. ఇటుకే మనిషి లెక్క. కాపురానికి వచ్చిన మర్నాడు మా అత్త నా చేతిలో పసుపు రాసిన ఒక ఇటుక పెట్టి, "ఇది మనింటిది, పారేసుకోకు" అంది. ఒంటి మీద బంగారం కంటే ఆ ఇటుకని నేను ఎక్కువ భద్రంగా చూసుకున్నాను.

మా ఆయన రేవులో బస్తాలు మోసే ముఠాలో ఉండేవాడు. పొద్దున్నే గేటు దగ్గర ముఠా సర్దారు నిలబడి ఎవరిని పిలిస్తే వాళ్ళకి ఆ రోజు పని. నేను వచ్చే నాటికే ఆ పిలుపులు తగ్గిపోయాయి. సరుకంతా పెద్ద పెద్ద ఇనుప డబ్బాల్లో రావడం మొదలైంది. డబ్బాని క్రేను ఎత్తుతుంది, మనిషి వీపుతో దానికి అవసరం లేదు. సగం ఓడలు మా రేవుకి రాకుండా నదికి దిగువనున్న హల్దియా రేవులోనే ఆగిపోతున్నాయని చెప్పుకునేవారు. మా ఆయన పొద్దున్న వెళ్ళి, ఎండ ఎక్కేసరికి ఖాళీ చేతులు ఊపుకుంటూ వచ్చేవాడు. వచ్చి గుమ్మంలో కూర్చుని, సందులో పోయే మేకల్ని చూస్తూ ఉండేవాడు.

ఆ రోజుల్లోనే అతని జతగాడు ఒకడు గుజరాత్ వెళ్ళాడు. అక్కడ సముద్రం ఒడ్డున పాత ఓడల్ని విరగ్గొట్టే పని దొరుకుతుందని, నువ్వూ వచ్చెయ్యమని కబురు మీద కబురు పెట్టేవాడు. అక్కడ ఇనుపరేకులు మనుషుల మీద పడతాయని కూడా మేం విన్నాం. మా మామ రేవులోనే బతికి, రేవులోనే జారిపడి పోయాడు. మా అత్తకి మిగిలింది ఈ ఒక్క కొడుకు. నాకు పెళ్ళయి ఏడాది తిరగలేదు. అతను వెళ్తానన్నప్పుడల్లా నేను మాట మార్చేదాన్ని. మా అత్తా నేనూ చాలా విషయాల్లో కీచులాడుకునేవాళ్ళం గానీ, ఈ ఒక్క విషయంలో మా ఇద్దరిదీ ఒకటే ప్రాణం. అతన్ని వెళ్ళనివ్వకూడదు, అందుకు కలకత్తాలోనే ఏదో ఒక పని దొరకాలి.

అటువంటి సమయంలో సర్కారువాళ్ళు మా సందుకి వచ్చారు.

ముందు పార్టీ లోకల్ కమిటీ దాదా, వెనక కార్పొరేషన్ నుంచి ఇద్దరు. ఒకాయన కళ్ళజోడు, భుజాన సంచి. రెండో ఆవిడ నేత చీర కట్టుకుని, నల్ల గొడుగు వేసుకుని ఉంది. కమిటీ దాదా అంటే మాకు ప్రభుత్వం అంతా ఆయనే. ఎర్రజెండా పార్టీ ఆఫీసు మా సందు మొదట్లోనే ఉండేది. ఢిల్లీ మన బెంగాల్‌కి మొండిచెయ్యి చూపిస్తోందని ఆయన ప్రతి సాయంత్రం టీ కొట్టు దగ్గర ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ రోజు అదే నోటితో, బస్తీల బాగు కోసం ఢిల్లీ గ్రాంటు వచ్చిందనీ, ఏ సందుకి ఏది ముందు కావాలో ఆ సందువాళ్ళే చెప్పాలనీ చాటాడు. మొండిచెయ్యిలోకి డబ్బెలా వచ్చిందా అని నేను అక్కడే ఆశ్చర్యపడ్డాను. కొత్తకోడల్ని కాబట్టి తలుపు చాటున నిలబడి ఆశ్చర్యపడ్డాను.

మా అత్త గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సర్కారువాళ్ళు ఏం కావాలో అడగడానికి వచ్చారని పక్కింటావిడ చెప్పింది. అంతే, చేట పక్కన పెట్టి లేచింది. ఆవిడ బతుకులో అంతవరకు నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరు. కొంగు నడుముకి దోపుకుని వాళ్ళ ఎదురుగా నిలబడి, మా ఊరి యాసలో, సాగదీసే తన గొంతుతో చెప్పింది.

"పని నేదు బాబూ. పని నేదు. నా కొడుక్కి పని నేదు. పని గావాల."

కళ్ళజోడాయన తల ఊపాడు. "పానీ నేఇ? ఆచ్ఛా, ఆచ్ఛా" అంటూ రాసుకున్నాడు.

బెంగాలీలో నేఇ అంటే లేదు అని. మా శ్రీకాకుళం వైపు లేదుని నేదు అంటాం. ఆ రెండూ అంత దగ్గరగా ఉంటాయని అప్పటిదాకా ఎవరికి తెలుసు? మా అత్త గుంటూరు మనిషి అయ్యుంటే పని లేదు అనేది, ఆ కళ్ళజోడాయన వెర్రిమొహం వేసేవాడు, కథ ఇంకోలా ఉండేది. ఈలోపు పానీ అన్న మాట చెవిన పడగానే ఆ కొస ముస్లిం ఇళ్ళ చాచీలంతా పరుగున వచ్చారు. "హా బాబూ, పానీ నహీ హై, బిల్కుల్ నహీ హై" అని గోల. మధ్యిళ్ళ బెంగాలీ ఆడవాళ్ళు కూడా జోల్ జోల్ అంటూ గొంతు కలిపారు. మా అత్తకి బెంగాలీ బజారులో బేరమాడేంత వచ్చు. ఆ గోలలో అదేం అక్కరకొస్తుంది? తలుపు చాటున ఉన్న నాకూ తేడా తెలియలేదు. సందు సందంతా తన వెనకే ఉందనుకుని పొంగిపోయింది.

"సూసినావేటే," అంది నా వైపు తిరిగి. "సాయెబులిల్లల్లోనూ పని నేదంట. పాపం, మనకే అనుకున్నాను."

గొడుగు ఆవిడ మాత్రం ఏమీ రాయలేదు. మా అత్తనే చూస్తూ నిలబడింది. కాసేపటికి దగ్గరికి వచ్చి, ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, "హోబే మాసీమా, హోబే" అంది. అవుతుంది పిన్నీ అని అర్థం. ఆ మాట మా అత్తకి బాగానే తెలుసు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎండుచేపల పులుసు ఉడికింది. "అవుతాదంట," అని మా అత్త కొడుకుతో పదిసార్లు చెప్పింది. "పెద్దమనిసి సేతి మీద సెయ్యేసి సెప్పింది. నువ్వు గుజరాతూ గిజరాతూ అనకు. నీ జతగాడికి రానని కబురెట్టీ." అతనికి నమ్మకం కుదరలేదు గానీ, తల్లి మొహం చూసి కబురు పెట్టాడు. నాకు ఎంత సంతోషం కలిగిందంటే, ఆ రాత్రి మా అత్త ఎన్ని వంకలు పెట్టినా ఎదురు చెప్పలేదు.

అక్కణ్ణించి ఎదురుచూపులు. మా అత్త రోజు విడిచి రోజు కమిటీ దాదా దగ్గరికి వెళ్ళి, "బాబూ, పని ఎప్పుడు?" అని అడిగేది. ఆయన మర్యాదస్తుడే. "ఆస్‌బే మాసీమా, పానీ ఆస్‌బే" అనేవాడు. ఈవిడ ఇంటికొచ్చి, "వొస్తాదంట" అనేది. ఇద్దరూ ఒకరికొకరు ఎంత బాగా అర్థమయ్యారంటే, అన్ని నెలల్లో ఒక్కసారి కూడా తేడా రాలేదు. వానాకాలం గడిచింది, పూజ పందిళ్ళు వేసి విప్పారు. మా ఆయన దొరికిన రోజు దొరికినట్టు రేవుకి పోతూ, దొరకని రోజు మేకల్ని చూస్తూ, తల్లి మాట మీద ఆగాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున్న తోపుడుబండ్ల మీద ఇనుప గొట్టాలు వచ్చి సందు మొదట్లో దిగాయి. మా అత్త పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చింది. "లెగరా నాయినా, బేగి లెగు. పనొచ్చింది. మోత పనే, నువ్వెరిగిన పనే" అంటూ కొడుకుని లేపి, మొహం కడుక్కోనివ్వకుండా తోలుకుపోయింది. నేనూ వెనకాలే వెళ్ళాను. అక్కడ కంట్రాక్టరు మనుషులు వాళ్ళ కూలీలతోనే గొట్టాలు దింపించుకుంటున్నారు. మా ఆయన ఒక గొట్టం మీద చెయ్యి వేస్తే మేస్త్రీ కసిరాడు. మా అత్త అడ్డం పడి, ఇది మా కోసం వచ్చిన పని అని వాదన పెట్టుకుంది. వాడికి ముక్క అర్థం కాలేదు.

అప్పుడు ఆ కొస చాచీ ఒకావిడ నవ్వుతూ వచ్చి మా అత్తని కౌగలించుకుంది. నీ పుణ్యమే అంది. నువ్వు పానీ అడగబట్టి సందులోకి కొళాయి వస్తోంది, నీళ్ళ గొట్టాలివి అంది. ఆవిడ హిందీని నేను అప్పటికి బాగానే పట్టుకోగలను. మా అత్తకి తెలుగులో చెప్పాల్సింది నేనే.

"అత్తా, వాళ్ళకి పని అంటే పానీ అని వినిపించిందట. నీళ్ళు ఇస్తున్నారు."

మా అత్త మొహం ఆ క్షణాన ఎలా అయిందో నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ముందు గొట్టాల వైపు చూసింది, తరువాత కొడుకు వైపు చూసింది. వెళ్ళి ఆ గొట్టాల పోగు మీద బైఠాయించింది.

"నానడిగింది పని. నీల్లు నానడగనేదు. ఈ గొట్టాలు ఎక్కన్నుంచి తెచ్చినారో అక్కడికే అట్టుకుపోండి."

ఇంక చూడాలి. నీళ్ళు వస్తాయని ఆశపడ్డ సందంతా ఆవిడ మీద పడింది. మావాళ్ళు కూడా, "నీకేటి పిచ్చా, వొచ్చిన కొలాయిని కాలదన్నుకుంటావా" అని తిట్టారు. కమిటీ దాదా వచ్చాడు. సంగతి నేను నా వచ్చీరాని బెంగాలీలో చెప్పాను. ముందు పకపకా నవ్వాడు. మా అత్త కళ్ళవెంట నీళ్ళు కారడం చూశాక ఆపేశాడు. ఆయనకి ఏం చెయ్యాలో తోచక గొడుగు ఆవిడకి కబురు పంపాడు.

ఆవిడ మధ్యాహ్నానికి వచ్చింది. మా అత్త పక్కనే గొట్టాల మీద కూర్చుంది. మేస్త్రీని పిలిచి, ఈ గ్రాంటుతో జరిగే పనిలో కూలీలు కొందరైనా ఆ బస్తీవాళ్ళే ఉండాలని రూలు ఉంది, మరిచిపోయారా అని నెమ్మదిగా అడిగింది. మేస్త్రీ గొణిగాడు. కంట్రాక్టరు ఒప్పుకోడన్నాడు. అయితే కంట్రాక్టరునే రమ్మను, అందాకా మేమిద్దరం ఇక్కడే ఉంటాం అంది. సాయంత్రానికి మా ఆయనకీ, సందులో ఇంకో ముగ్గురు నలుగురికీ కాలవ తవ్వే పని దొరికింది. మా అత్త అప్పుడు లేచింది.

ఆ తవ్వకం నడిచిన రోజుల్ని నేను బతికినంతకాలం మరిచిపోను. మా ఆయన మా గుమ్మం ముందే గునపంతో తవ్వేవాడు. మధ్యాహ్నం చేతులు కడుక్కుని ఇంటికొచ్చి వేడన్నం తినేవాడు. రేవులో పనిచేసే మొగుళ్ళు మధ్యాహ్నం ఇంట్లో తినడం అన్నది ఆ సందులో ఎవరూ ఎరగరు. అందరూ నన్ను ఆటపట్టించేవాళ్ళు. నాకు సిగ్గూ వేసేది, గర్వంగానూ ఉండేది.

ఒకరోజు అతని గునపం ఠంగుమంది. మట్టి తీసి చూస్తే కింద ఇంకో గొట్టం, తుప్పు పట్టి ఉంది. తవ్వుకుంటూ పోతే అది మా సందు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇటుపక్క దేనికీ తగిలించలేదు, అటుపక్కా లేదు. ఎప్పటిదో, ఎవరి గ్రాంటుదో. కమిటీ దాదా దాన్ని చూసి, "కప్పెయ్యండి, కప్పెయ్యండి" అన్నాడు. నాకు మాత్రం ఆ గొట్టాన్ని చూశాక నిద్ర పట్టలేదు. గొడుగు ఆవిడ కొలతలకి వచ్చినప్పుడు టీ ఇచ్చి, ఢిల్లీలో బయలుదేరిన డబ్బు మా సందు దాకా ఎలా నడుస్తుందో చెప్పమన్నాను. ఆవిడ నవ్వి ఓపిగ్గా చెప్పింది. ఢిల్లీ నుంచి లాల్‌దీఘీ ఒడ్డున రాష్ట్ర సర్కారు కూర్చునే ఎర్రభవనానికి, అక్కణ్ణించి కార్పొరేషన్‌కి, అక్కణ్ణించి వార్డుకి, వార్డులో ఈ సందుకా ఆ సందుకా అన్న పంచాయితీకి.

"ఒక్కోచోట ఆగుతుందా?" అన్నాను.

"ఆగుతుంది. ఆగినచోటల్లా టీ కూడా తాగుతుంది" అంది, నేనిచ్చిన గ్లాసు చూపిస్తూ.

ఆ తుప్పుగొట్టం డబ్బు టీలు తాగీ తాగీ సగం సందులో పడుకుండిపోయిందన్నమాట. ఆవిడ అంటే నాకు భలే ఇష్టం కలిగింది. అన్నీ చెప్పింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఉందని నాకు అప్పుడు తెలియదు.

కొళాయి ప్రారంభం రోజున సందుకి ఎర్ర తోరణాలు కట్టారు. కమిటీ దాదా చేసిన ఉపన్యాసంలో ఢిల్లీ ఊసే లేదు. అయ్యాక నేను వెళ్ళి, "దాదా, డబ్బు ఢిల్లీది కదా, ఒక ముక్కైనా అనలేదేం?" అని అడిగాను. "ఢిల్లీకి డబ్బెక్కడిది బౌమా, జనం దగ్గర తీసుకున్నదే కదా" అన్నాడు, నన్ను కోడలా అని వరస కలిపి. ఆ జవాబు నాకు నచ్చింది. అలా అయితే రోజూ ఆ తిట్లెందుకని మళ్ళీ అడుగుదామనుకున్నాను గానీ, ఆయన అప్పటికే జారుకున్నాడు.

మొదట అడిగింది మా అత్తే కాబట్టి కొళాయి ఆవిడే తిప్పాలన్నారు. తిప్పింది. ముందు గాలి వచ్చింది, తరువాత ఎర్రనీళ్ళు, తరువాత తేటనీళ్ళు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్త నీళ్ళ వైపు చూస్తూనే, నాకు మాత్రమే వినపడేలా అంది.

"నీల్లొచ్చినాయి. ఇంక ఆడెల్పోతాడు."

అలాగే అయింది. తవ్వడం అయిపోయింది, పూడ్చడం అయిపోయింది. నెల తిరక్కుండానే మా ఆయన హౌరాలో బండెక్కాడు. మా అత్త స్టేషనుకి రాలేదు. నేను వెళ్ళి, బండి కదిలాక ప్లాట్‌ఫారం మీదే కూర్చుని ఏడ్చాను.

తరువాత ఎన్నో ఏళ్ళు అతను ఏడాదికోసారి వచ్చే చుట్టం. మా సందుకి మాత్రం నీళ్ళు పుష్కలం. మా అత్తని బస్తీ అంతా 'కోలేర్ మాసీ' అని పిలవడం మొదలుపెట్టింది, కొళాయి పిన్ని అని. పిలిచినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండేది. పెద్దరోడ్డు మీద ఇటుక కాపలా తప్పడంతో నాకు పొద్దున్నపూట ఖాళీ దొరికింది. నీళ్ళు గుమ్మంలో ఉన్నాయి కదా అని పప్పు నానబోసి, రుబ్బి, ఇడ్లీలు వేసి రేవు గేటు దగ్గర అమ్మసాగాను. మా అత్త చట్నీ నూరేది. అలా ఇల్లు గడిచింది. నేను ఎప్పుడైనా ఈ కొళాయే మనల్ని బతికించింది అంటే చాలు, ఆవిడ విరుచుకుపడేది.

"సర్కారోల్లకి సెవుడే. నా బతుక్కి ఒక్కసారి అడిగినాను, ఒక్కటే అడిగినాను. నా మాట ఎవులికీ ఇనపడనేదు."

అదీ ఆవిడ బాధ. కొడుకు వెళ్ళిపోవడం ఒక బాధ, ఎదురుగా నిలబడి చెప్పినా ఎవరికీ వినపడకపోవడం ఇంకో బాధ. ఈ రెండోదే లోపల ఎక్కువ తొలిచేదని నాకు నెమ్మదిగా తెలిసింది. చివరికి మా ఆయన తిరిగొచ్చేశాడు. ఏళ్ళ తరబడి ఇనుపరేకుల మీద సుత్తి దెబ్బల మధ్య ఉండి ఉండి, అతనికే చెవులు సరిగా వినపడడం మానేశాయి.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక ఢిల్లీ నుంచి మళ్ళీ డబ్బు వచ్చింది. ఈసారి పేరు వేరు, మొత్తం పెద్దదట. మళ్ళీ సందు సందునా అడగడం మొదలుపెట్టారు. ఒక పొద్దున్న నా ఇడ్లీ బండి దగ్గరికి గొడుగు ఆవిడ వచ్చింది. జుట్టు తెల్లబడింది. కొద్ది రోజుల్లో రిటైరవుతుందట, కొత్తగా చేరినవాళ్ళకి బస్తీ చూపించడానికి వచ్చిందట. బెంగాలీలో కుశలప్రశ్నలు అయ్యాయి. ఇడ్లీ పెట్టి ఇచ్చాను. ఒకటి తిని, ఆకు ముందుకు చాపింది.

"సెట్నీ ఇంకొంచెం ఎయ్యమ్మా" అంది.

నేను గరిట పట్టుకుని అలాగే ఉండిపోయాను. అది తెలుగు. అదీ మా శ్రీకాకుళం తెలుగు. ఆవిడ తల దించుకుంది. ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిందట. అటూ ఇటూ ఇరుగుపొరుగంతా మావాళ్ళేనట. బెంగాలీ మాటలతో పాటే ఈ మాటలూ నేర్చుకుందట.

"అయితే ఆ రోజు మా అత్త పని నేదు అన్నప్పుడు..."

"అర్థమైంది" అంది ఆవిడ.

నాకు ఒళ్ళంతా భగ్గుమంది. అన్ని నెలలు మేం ఎదురుచూశాం, మా ఆయన వచ్చిన పిలుపుని కాదని ఆగాడు, మా అత్త రోజు విడిచి రోజు పార్టీ ఆఫీసు గుమ్మం ఎక్కింది. ఇదంతా గబగబా అనేశాను. ఆవిడ అడ్డు చెప్పకుండా విన్నది. తరువాత బెంగాలీలోకి మారి చెప్పింది. ఆ గ్రాంటులో నీళ్ళకి ఖాతా ఉంది, కాలవకి ఉంది, దీపానికి ఉంది, దారికి, దొడ్డికి ఉంది. పనికి ఖాతా లేదు. పని కావాలి అని రాసి ఉంటే మీ సందుకి ఏమీ లేదని అర్థం, కొళాయి పక్క సందుకి పోయేది. నా పక్కనున్న కళ్ళజోడాయన నిజంగానే పానీ అనుకున్నాడు. నేను నోరు మూసుకుంటే చాలు అనిపించింది, మూసుకున్నాను అని.

"కానీ హోబే అని అనకుండా ఉండాల్సింది" అంది. "ఆ చెయ్యి పట్టుకున్నాక ఏమీ లేదని చెప్పలేకపోయాను. అదొక్కటే ఇన్నాళ్ళూ మనసులో మెదులుతోంది."

ఈ మాట మా అత్తకి చెప్పాలా వద్దా? నాకు కోపం తగ్గలేదు, అయినా బండి పక్క కొట్టావిడకి అప్పజెప్పి గొడుగు ఆవిడని సందులోకి తీసుకెళ్ళాను. ఆరా తీయడం మొదలుపెట్టినదాన్ని, అయిపోయేదాకా చూడకుండా ఎలా ఉంటాను?

మా అత్త కొళాయి దగ్గర పీట వేసుకుని బియ్యం కడుగుతోంది. నడుము వంగిపోయింది గానీ కళ్ళు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. గొడుగు ఆవిడ మొహంలోకి చూసింది.

"పని అంటే ఏటో నీకు ఆయేలే తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

"నా కొడుక్కని తెలిసిందా?"

"తెలిసింది."

కొళాయి సన్నగా కారుతోంది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని నేను సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం మాత్రం నేను ఇన్నేళ్ళలో చూడనంత తేటగా ఉంది.

"సూసినావేటే," అంది. "ఇనపడిందంట. నా మాట ఒకలికి ఇనపడింది. ఇన్నాల్లూ అందరికీ సెవుడనుకున్నాను."

పక్కనున్న ఇంకో పీట ముందుకు తోసి, "కూకో తల్లీ" అంది. గొడుగు ఆవిడ కూర్చుంది. మా అత్త చెంబు కడిగి కొళాయి కింద పెడుతూ, ఆ రోజు గుమ్మంలో నిలబడి అడిగిన గొంతుతోనే అడిగింది.

"ఇప్పుడు మల్లీ పెద్ద డబ్బొచ్చిందంట గదా. ఇప్పుడేనా పనికి ఖాతా ఉందా?"

గొడుగు ఆవిడ మా అత్త చేతి మీద చెయ్యి వేసింది. ఈసారి హోబే అనలేదు.

"నేదమ్మా" అంది.

మా అత్త తల ఊపింది. నిండిన చెంబు తీసి ఆవిడ చేతికి ఇచ్చింది.

"అయితే నీల్లు తాగు."